పన్ను కట్టించుకునేది ఒకరు, కట్టేది ఇంకొకరు

నవంబరు వచ్చిందంటే మా బెంగళూరు తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల ప్రకటనలు తిరుగుతాయి. ఒకటి క్రిస్మస్ కేకులది, రెండోది పళ్లది. అమెరికాలో అయ్యేదాంట్లో ఐదోవంతుకే ఇంప్లాంట్ అంటారు. మూడు రోజుల్లో శాశ్వతమైన పళ్లు అంటారు. ఎయిర్‌పోర్టుకు కారు కూడా మేమే పంపుతాం అంటారు. డిసెంబరు సెలవులకు డల్లాస్ నుంచి, టొరంటో నుంచి, లండన్ నుంచి వచ్చే మన అన్నదమ్ముల కోసం ఈ పిలుపు. చెన్నైలో, పుణెలో ఉన్న పాఠకులకూ ఇది కొత్త సంగతేమీ కాదు. మనకు ఊరు, వాళ్లకు పరదేశం. పరదేశంలో పళ్లు కట్టించుకుంటే చవక అన్న మాట మన వీధిలోనే అమ్ముడుపోతోంది.

నా అభ్యంతరం ముందే చెప్పేస్తాను. ఆ ప్రకటనలో ఉన్నది ధర, ఖర్చు కాదు. ధరకూ ఖర్చుకూ మధ్య మిగిలిన తేడా గాలిలో కలిసిపోదు. ఎవరో ఒకరు దాన్ని కడతారు. కొంత ఆ పన్ను పెట్టించుకున్న మనిషే తర్వాత కడతాడు, కొంత ఇక్కడున్న అతని చెల్లెలు కడుతుంది, కొంత ల్యాబులో క్యాపు అరగదీసే కుర్రాడు కడతాడు. మన భాషలో పన్నుకు రెండర్థాలున్నాయి. ఈ వ్యాపారంలో ఆ రెండూ ఒకటే.

పళ్ల కోసం వచ్చేవాళ్లను ఎగతాళి చెయ్యడానికి రాయడం లేదు. అమెరికాలో ఒక్క ఇంప్లాంటుకు, పైన క్యాపుతో కలిపి, సుమారు 3,000 నుంచి 5,000 డాలర్లు అవుతుంది. అంటే రెండున్నర లక్షల నుంచి నాలుగున్నర లక్షల దాకా. ముసలివాళ్లకు వైద్యం ఇస్తామని 1965లో పెట్టిన మెడికేర్ చట్టం నోటిని శరీరంలోంచి తీసి పక్కన పెట్టింది. మామూలు దంతవైద్యం అందులో లేదు. 2021లో దాన్ని చేర్చాలని ప్రయత్నం జరిగింది, బేరసారాల్లో బిల్లులోంచి తీసేశారు. ఉద్యోగం ఇచ్చే దంత బీమాలు చాలావరకు ఏడాదికి 1,000, 2,000 డాలర్ల దగ్గర ఆగిపోతాయి. మన యానాంలో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలకు తెలిసే ఉంటుంది, ఫ్రాన్సులో కూడా క్యాపులకు, కట్టుడుపళ్లకు ఆసరా ఉంది కానీ ఇంప్లాంటుకు లేదు. కాబట్టి ఒక మనిషి నమలలేక, నలుగురిలో నవ్వలేక, విమానం ఎక్కి పుట్టిన దేశానికి వస్తే అందులో తప్పేముంది? ఏమీ లేదు. తప్పు ఆ ప్రకటనలో ఉంది.

అసలు ఇంప్లాంట్ అంటే ఏమిటో చూద్దాం. స్వీడన్‌లో పెర్-ఇంగ్వర్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు 1950లలో కుందేళ్ల ఎముకలో టైటానియం గొట్టం అమర్చి రక్తప్రసారాన్ని గమనించేవాడు. పని అయ్యాక దాన్ని బయటికి తీద్దామంటే రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఆయన టైటానియం మరలు బిగించాడు. ఈ మొత్తం శాస్త్రానికి ఆధారం ఎముక చేసే ఆ పనే. ఎముక ఆ పని తన తీరికలో చేస్తుంది. కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగాలన్నది బ్రోనెమార్క్ పెట్టిన లెక్క. ఇప్పుడు మరల పైపూత మెరుగుపడి కొంత తగ్గింది. తగ్గినా నెలల్లోనే ఉంది, రోజుల్లోకి రాలేదు.

ఇంకో సంగతి ప్రకటనల్లో ఎక్కడా కనబడదు. మర బిగించిన రోజున అది గట్టిగానే ఉంటుంది, గోడలో మేకు దిగినట్టు. ఆ తర్వాత చుట్టూ ఉన్న పాత ఎముక కొద్దిగా కరుగుతుంది, కొత్త ఎముక ఇంకా పూర్తిగా అల్లుకోదు. రెండో వారం నుంచి నాలుగో వారం దాకా ఆ మర తన జీవితకాలంలోకెల్లా వదులుగా ఉండే సమయం. మన అన్నదమ్ములకు దొరికే సెలవు ఎంత? మూడు వారాలు. అంటే పన్ను అన్నిటికంటే బలహీనంగా ఉన్న రోజునే మనిషిని విమానం ఎక్కించి, వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి, దాన్ని పెట్టిన డాక్టరు చేతికి అందని చోటికి, పంపిస్తున్నాం.

మరి మూడు రోజుల పళ్లు అబద్ధమా? పూర్తిగా కాదు, అందుకే అది ప్రమాదం. ఎముక బాగా ఉన్నవాళ్లకు నాలుగు మరలో ఆరు మరలో బిగించి, వాటిని ఒకదానికొకటి కలుపుతూ పైన ఒక వరుస పళ్లు రెండు మూడు రోజుల్లో అమర్చే పద్ధతి నిజంగానే ఉంది, మంచి చేతుల్లో బాగా పనిచేస్తుంది కూడా. కానీ ఆ పళ్లు తాత్కాలికం. ప్లాస్టిక్ పళ్లు. నెలల తరబడి మెత్తని అన్నం తింటూ వాటిని కాపాడుకుని, ఎముక కుదిరాక మళ్లీ వచ్చి అసలు వరుస పెట్టించుకోవాలి. ప్రకటన మొదటి ప్రయాణం గురించి చెబుతుంది, రెండోదాని గురించి చెప్పదు. ఇక ఎముక కుదరడంతో పనే లేదు, ఒక్కసారే శాశ్వతం అంటూ బేసల్ ఇంప్లాంట్లు అమ్మేవాళ్లున్నారు. వాటి మీద దంతవైద్యుల్లోనే పెద్ద వాదం ఉంది. మరా పైముక్కా ఒకటే కడ్డీగా ఉంటాయి కాబట్టి ఏదైనా తేడా వస్తే విప్పి బాగుచేసే వీలు తక్కువ. పైగా వాటిని చేతబట్టి ఎరగని డాక్టర్లే అక్కడ ఎక్కువ. ఆ వాదం సంగతి రోగికి ముందే చెప్పాలా వద్దా? మీరే చెప్పండి.

ఇప్పుడు లెక్కకొద్దాం. గోపురం కట్టబోయేవాడి ఉపమానం మీద చాలాసార్లు ప్రసంగించాను. ఒకసారైనా కాగితం మీద కూడిక వేసి చూపించాలి కదా. బెంగళూరులో, చెన్నైలో ఒక మంచి ఇంప్లాంటుకు క్యాపుతో సహా 30,000 నుంచి 60,000 రూపాయలు అనుకుందాం. డాలర్లలో 350 నుంచి 700. అమెరికా నుంచి రానూపోనూ టికెట్ 1,200 నుంచి 1,800 డాలర్లు, డిసెంబరులో అయితే ఇంకా పైనే. అమ్మానాన్నలను చూడటానికి ఎలాగూ వస్తున్నాం కదా, ఆ టికెట్ ఎందుకు కలుపుతారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మొదటి టికెట్ వదిలేద్దాం. నాలుగు నెలలకో ఆరు నెలలకో క్యాపు కోసం మళ్లీ రావాలి. ఆ టికెట్ మాత్రం పంటిదే. దానికి మరో రెండు వారాల సెలవు కలపండి. త్రీడీ స్కాన్ కలపండి. పన్ను ఊడిపోయి ఏళ్లయితే అక్కడ ఎముక కరిగి ఉంటుంది, ఎముక పొడి నింపాలి, పై దవడ వెనకవైపు అయితే సైనస్ పొరను ఎత్తాలి. ఇవన్నీ ప్రకటనలో చుక్క గుర్తు పెట్టి కింద రాసినవి, లేదా అసలు రాయనివి. ఒకటి రెండు పళ్ల కోసం అయితే ఆదా అన్నది చాలామందికి కరిగిపోతుంది, లేదా ఇంత తలనొప్పికి సరిపడనంత కొంచెం మిగులుతుంది.

నోరంతా కట్టించుకునేవాళ్ల సంగతి వేరు, ఒప్పుకోవాలి. రెండు దవడలకూ కలిపి అక్కడ 40,000 నుంచి 60,000 డాలర్లు అడిగే పని ఇక్కడ ఆరు నుంచి పది లక్షల రూపాయల్లో అవుతుంది. రెండు ప్రయాణాలు కాదు, మూడు చేసినా మిగులుతుంది. అలాంటివాళ్లను రావద్దనడం నా వాదం కాదు. కానీ వాళ్లకే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే చెడితే ఒక పన్ను కాదు, నోరు మొత్తం చెడుతుంది.

చెడితే ఏమవుతుంది? మా సంఘంలో ఒక అక్క ఉంది, ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆమె అన్నయ్య టెక్సాస్‌లో ఉంటారు. ఇక్కడ మూడు పళ్లు పెట్టించుకుని వెళ్లారు. ఏడాది తిరగకముందే ఒక క్యాపు ఊగడం మొదలైంది. అక్కడి డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఇది ఏ కంపెనీ మర? అన్నయ్యకు తెలియదు. మరల కంపెనీలు ఎన్నో ఉన్నాయి. స్విట్జర్లాండువి, కొరియావి, ఇజ్రాయెల్‌వి, మన దేశంలో చేసేవి. ఒక కంపెనీ మరకు సరిపోయే స్క్రూడ్రైవర్ ఇంకో దానికి పట్టదు. తెలియకుండా తిప్పితే లోపలే విరిగిపోతుంది. ఇంకొకరు చేసిన పనిలో వేలుపెడితే రేపు బాధ్యత నా మీద పడుతుందని ఆ డాక్టరు వెనక్కి తగ్గారు. తప్పుపట్టలేం. అప్పటినుంచి మా అక్క పని మొదలైంది. స్కూలుకు సగం రోజు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, ఆ క్లినిక్‌కు వెళ్లి, ఫోన్లో అన్నయ్యను వీడియోలో చూపిస్తూ రిసెప్షన్ దగ్గర నిలబడటం. పెట్టిన డాక్టరు అప్పటికే ఆ క్లినిక్ మానేశారు. ఫైలు దొరకదు. దొరికిన ఫైల్లో స్టిక్కరు లేదు. ఇలా ఎన్నిసార్లు తిరిగిందో ఆమె లెక్కపెట్టలేదు. ఆమె పోగొట్టుకున్న జీతం ఏ ఆదా లెక్కలోనూ లేదు. లక్షల ఆదా గురించి అన్నయ్య స్నేహితులకు ఇంకా చెబుతూనే ఉంటారట.

జీవితకాలం వారంటీ అంటారు. చదివి చూడండి, వారంటీ ఆ మరకు. మీ టికెట్టుకు కాదు, మీ సెలవుకు కాదు, కరిగిన మీ ఎముకకు కాదు. చట్టం లేదా అంటే ఉంది. వైద్యసేవ కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అయితే ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఇంప్లాంట్ చుట్టూ చిగురు వాచి ఎముక తినేసే జబ్బు ఒకటుంది, పెరి-ఇంప్లాంటైటిస్ అంటారు. అది నొప్పి లేకుండా ఏళ్ల మీద నడుస్తుంది. సొంత పంటికి వేరు చుట్టూ ఒక పొర ఉంటుంది, పంటికింద రాయి పడితే క్షణంలో తెలిసేది దానివల్లే. మరకు ఆ పొర లేదు. చక్కెర వ్యాధి అదుపులో లేనివాళ్లకు, పొగ తాగేవాళ్లకు, పాత చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. మన తెలుగు ఇళ్లలో యాభై దాటినవాళ్లలో చక్కెర లేనివాళ్లను వెతుక్కోవాలి. అంటే ఈ పంటిని ఆర్నెల్లకోసారి ఎవరో చూస్తూ ఉండాలి. దాన్ని చూసే మనిషి అమెరికాలో ఉండాలి, పెట్టిన మనిషి ఇండియాలో ఉన్నాడు, మధ్యలో పంటికి దిక్కు లేదు.

ఈ వ్యాపారం ప్రపంచంలో మరికొన్ని చోట్లా ఉంది. అమెరికా సరిహద్దు దాటగానే మెక్సికోలో లాస్ అల్గొడోనెస్ అనే చిన్న ఊరు, ఊరంతా పళ్ల డాక్టర్లే. ఆస్ట్రియా సరిహద్దు పక్కన హంగేరీలో మొషొన్‌మగ్యరోవార్ అనే ఊరు కూడా అంతే. అక్కడివీ తప్పుల్లేని చోట్లు కావు. కానీ ఒక తేడా చూడండి. క్యాపు ఊడితే ఆ రోగి కారెక్కి మధ్యాహ్నానికి డాక్టరు ముందు కూర్చోగలడు. మన వ్యాపారులు ఆ ఊళ్ల ధరలతో పోటీపడతారు, ఆ దూరం గురించి మాత్రం నోరెత్తరు. ఇక టర్కీకి వెళ్లి వచ్చిన ఇంగ్లండు కుర్రకారు కథ వేరే ఉంది. తెల్లని నవ్వు కోసం ఇరవై ఐదేళ్లకే నిక్షేపంలాంటి సొంత పళ్లను అరగదీయించుకుని పైన క్యాపులు తొడిగించుకుంటున్నారు. అరిగిన పన్ను మళ్లీ మొలవదు. అది ఇంప్లాంట్ కాదు, కానీ తర్కం ఒకటే. వచ్చిన మనిషి తిరిగి వెళ్లేలోపు బిల్లు ఎంత పెంచగలం? రూట్ కెనాల్ చేసి నిలబెట్టగలిగిన పంటిని పీకి మర దించితే డబ్బు ఎక్కువ, రోజులు తక్కువ. తిరుగు టికెట్ జేబులో పెట్టుకుని వచ్చిన రోగికి ఆ సలహా ఎటువైపు వాలుతుందో ఊహించడం కష్టం కాదు.

డాక్టర్లందరూ దొంగలని నేననడం లేదు. వాళ్లలో మా సంఘ బిడ్డలున్నారు. దేశంలో 300 పైచిలుకు డెంటల్ కాలేజీలు, ఎక్కువ ప్రైవేటువి, ఒక్క కర్ణాటకలోనే నలభైకి పైగా. లక్షలు కట్టి ఐదేళ్లు చదివి బయటికొచ్చిన అమ్మాయి, సొంత కుర్చీ పెట్టుకునే స్తోమత లేక, గొలుసు క్లినిక్‌లో ఇరవై పాతిక వేల జీతానికి చేరుతుంది. చేరిన వారానికే నెలకు ఇన్ని ఇంప్లాంట్లు అన్న టార్గెట్ ఆమె ముందు పెడతారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం ఉంటే ఆ అమ్మాయి అక్కడికి వెళ్లదా? ఉద్యోగమే లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దంతవైద్యుడి కుర్చీ లేనివే ఎక్కువ.

చవక అన్నది ఎక్కడినుంచి వస్తోందో కూడా చూద్దాం. టైటానియం మర విదేశీ కంపెనీది అయితే ఇక్కడికీ దిగుమతే. స్కాన్ యంత్రమూ దిగుమతే. తక్కువగా ఉన్నది మనుషుల కూలి. క్లినిక్‌లో పనిముట్లు కడిగి ఉడకబెట్టే అమ్మాయి కూలి. వెనక సందులో ఉండే ల్యాబులో క్యాపు తయారుచేసే కుర్రాడి కూలి.

ఆ కుర్రాడి పేరు చెప్పను. కోలారు బంగారు గనుల ఊరివాడు. తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు వచ్చి, రాత్రి పదింటికి ఇల్లు చేరే వేలమందిలో ఒకడు. నెలకు 18,000. పని ఏమిటంటే పోతపోసిన లోహాన్ని, పింగాణీని, జిర్కోనియాను సన్నని రాయి చక్రం మీద పట్టి అరగదీసి, రోగి పక్కపంటితో కలిసిపోయేలా మెరుగు పెట్టడం. చేతిలో కళ ఉంది. చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, ఏది అసలు పన్నో ఏది కాదో చెప్పలేం. ధూళి పీల్చే గొట్టం బల్లకు ఉంది, నెలల తరబడి పనిచెయ్యడం లేదట. మూతికి గుడ్డ కట్టుకుంటాడు. పంటి ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ఆ ధూళివల్ల సిలికోసిస్ వచ్చిన కేసులను అమెరికా సీడీసీ 2004లోనే ప్రకటించింది. సిలికోసిస్ అన్న మాట కేజీఎఫ్‌లో పుట్టినవాళ్లకు నేను వివరించనక్కర్లేదు. ఆ కుర్రాడి తాత గనిలో పనిచేసి, ఆ దగ్గుతోనే పోయాడు. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు, గనితో పాటు ఆ జబ్బూ పోయిందనుకున్నాం. మనవడు వేరే సొరంగంలో చేరాడు. అతను మెరుగుపెట్టిన క్యాపు డల్లాస్‌లో ఎవరో మన అన్నయ్య నోట్లో మెరుస్తోంది. అతనికి ఏటా ఛాతీ ఎక్స్‌రే తీయించే యజమాని లేడు. అడిగే సంఘం లేదు. ఆ ఐదోవంతు ధరలో మిగతా నాలుగువంతుల్లో ఒక ముక్క ఇదీ.

అదే క్లినిక్ ముందు రోడ్డు ఊడ్చేది ఎవరు? బెంగళూరు పౌరకార్మికుల్లో ఆడవాళ్లే ఎక్కువ, దళితులే ఎక్కువ, వాళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు లెక్కలేనన్ని. తరాల కిందట అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఈ నగరం చెత్త ఎత్తుతున్నవాళ్లు. తెల్లవారుజామున ఆ వాసనలో నిలబడటానికి ఒక చిటికెడు పొగాకు దవడన పెట్టుకుంటారు. యాభై ఏళ్లకే సగం పళ్లు ఉండవు. పన్ను నొప్పెడితే ఒక రోజు కూలి పోతుందని పంటి బిగువున ఓర్చుకుని, ఓర్చుకోలేనప్పుడు వెళ్తే పీకించుకోవడం ఒక్కటే అందే వైద్యం. పీకిన చోట ఏదీ మొలవదు. రాగి ముద్ద మింగేస్తారు, మాంసం మానేస్తారు. పల్లు లేని నోటితో పాట పాడటానికి సిగ్గుపడి ఆరాధనలో వెనక వరుసకు జరిగే పెద్దమ్మలను ప్రతి ఆదివారం చూస్తుంటాను.

విదేశీ రోగి ఈమె పన్ను ఎత్తుకుపోయాడని కాదు. అంత తేలిక లెక్క కాదు. కానీ ప్రభుత్వం ఏది లెక్కపెడుతోందో చూడండి. హీల్ ఇన్ ఇండియా అంటూ విదేశీ రోగులను పిలవడానికి కార్యక్రమం ఉంది, వాళ్లకు ప్రత్యేక వైద్య వీసా ఉంది, వచ్చే డాలర్లకు లెక్క ఉంది. 2014లో మొదలైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం పేరు ఈ పత్రిక చదివేవాళ్లలో ఎంతమంది విన్నారు? ఆయుష్మాన్ కార్డు పట్టుకుని వెళ్తే కట్టుడుపళ్లు రావు. నైపుణ్యం మన దగ్గర ఉంది, కాలేజీలు ఉన్నాయి, కుర్రాళ్ల చేతుల్లో కళ ఉంది, అన్నీ ఉండి ఆ పెద్దమ్మకు నమిలే పళ్లు లేవు. దీన్ని గర్వంగా చెప్పుకునే విజయం అనడానికి నాకు నోరు రావడం లేదు.

మనవాళ్లనూ ఒక మాట అనాలి. కొందరు పెద్దలు, చెప్పడానికి బాధగా ఉంది కానీ కొందరు కాపరులు కూడా, విదేశీ అతిథులను ఫలానా క్లినిక్‌కు తీసుకెళ్లి మనిషికింత అని కమీషన్ పుచ్చుకుంటున్నారు. సంఘంలో సాక్ష్యం చెప్పించినట్టు పళ్ల సాక్ష్యాలు చెప్పించి వీడియోలు తీస్తున్నారు. ఆయన చెప్పాడు కదా అని నమ్మి వెళ్లే మనిషి డాక్టరును నమ్మి వెళ్లడం లేదు, మీ అంగీని నమ్మి వెళ్తున్నాడు. ఆ డబ్బు ఏ ఖాతాలో వేసుకుంటున్నారు? సంఘ పుస్తకంలో రాయగలరా?

వచ్చే అతిథులకు క్లినిక్ పేరు చెప్పను, అడగాల్సినవి చెబుతాను. డాక్టరు పేరు, రాష్ట్ర దంతవైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు కాగితం మీద తీసుకోండి. మర పెట్టె మీద ఉండే స్టిక్కరు, కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరుతో సహా, మీ చేతికి ఇమ్మనండి. ఇవ్వనంటే అక్కడినుంచి లేచి రండి. స్కాన్ మీ ఫోన్లో ఉండాలి, క్లినిక్ కంప్యూటర్‌లో కాదు. ఈ పంటిని పీకకుండా నిలబెట్టలేరా అని ఇంకో డాక్టరును, అదీ ఇంప్లాంట్లు అమ్మని డాక్టరును, అడగండి. మీరుండే ఊళ్లో దాన్ని తర్వాత చూసుకునే డాక్టరుతో బయల్దేరకముందే మాట్లాడుకోండి. ఆయన ఆ కంపెనీ మర ముట్టుకోనంటే కంపెనీ మార్చుకోండి, లేదా ప్రయాణం మానుకోండి. మూడు నెలల చక్కెర సగటు పరీక్ష చేయించుకోండి. రెండో ప్రయాణం టికెట్ డబ్బు పక్కన పెట్టాకే మొదటిది కొనండి. ఇక్కడున్న చెల్లెలిని తిప్పదలుచుకుంటే ఆమె పోగొట్టుకునే రోజుల కూలి కూడా పంపండి, మొహమాటపడకుండా తీసుకోమనండి. మీ ల్యాబులో ధూళి పీల్చే యంత్రం పనిచేస్తోందా అని అడిగిన రోగిని ఇంతవరకూ ఏ క్లినిక్కూ చూసి ఉండదు. మీరు అడగండి. డాలర్లు ఇచ్చేవాడు అడిగితే సమాధానం చెబుతారు. ఆ కుర్రాడు అడిగితే పని మానెయ్యమంటారు.

ఇక మన పని. కర్ణాటకలో దంతభాగ్య అని ఒక పథకం ఉంది. బీపీఎల్ కార్డున్న పెద్ద వయసువాళ్లకు డెంటల్ కాలేజీల ద్వారా పూర్తి కట్టుడుపళ్ల సెట్టు ఉచితంగా ఇవ్వాలి. కేరళలో మందహాసం పేరుతో ముసలివాళ్లకు అలాంటిదే ఉంది. అంటే ఇది చెయ్యలేని పని కాదు. తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో ఉన్న మన సంఘాలు తమ ప్రభుత్వాలను ఇదే అడగాలి. చెన్నైలో, కటక్‌లో, ముంబైలో, నాగపూర్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. మొదట ఏ వార్డుల్లో పళ్ల కుర్చీలు పనిచేస్తున్నాయో, సెట్టుకు ఎన్ని నెలలు తిప్పుతున్నారో సమాచార హక్కు కింద అడిగి రాబట్టండి. యానాం వాళ్ల కష్టం ఇంకా వింత, వాళ్ల ప్రభుత్వ డెంటల్ కాలేజీ 800 కిలోమీటర్లకు పైగా దూరంలో పుదుచ్చేరిలో ఉంది. విదేశీ రోగికి ఎయిర్‌పోర్టుకు కారు పంపే దేశంలో యానాం ముసలమ్మకు బస్సు టికెట్ ఎవరిస్తారు?

బెంగళూరులో మేము మొదలుపెట్టాం. కార్డులున్న పెద్దమ్మలను అయిదుగురు చొప్పున శనివారాలు డెంటల్ కాలేజీకి తీసుకెళ్తున్నాం. కొలతకు ఒకసారి, మైనం మీద సరిచూడటానికి ఒకసారి, తొడిగి చూడటానికి ఒకసారి, ఒరుసుకుంటే సర్దడానికి ఇంకోసారి, నాలుగైదు సార్లు తిరగాలి. తిరిగిన ప్రతి రోజుకూ కూలి పోతుంది, కాబట్టి ఆ కూలి సంఘం ఇస్తోంది. డిసెంబరు అతిథులు కానుక ఇస్తామంటే ఆ ఖాతాలో వెయ్యమని అడుగుతున్నాం. కన్నడంలో ఫారం నింపగలిగినవాళ్లు, శనివారం ఉదయం ఎనిమిదింటికి ఖాళీగా ఉన్నవాళ్లు కావాలి.